కళాసీలు పారిపోయారట

కళాసీలు పారిపోతున్నట్టు చూపించమన్నారు. ఎలా పారిపోవాలో కూడా చెప్పారు. తుపానులో ఓడ పక్కకు ఒరుగుతుండగా అందరూ కలిసి చిన్న పడవను నీళ్లలోకి దించాలి. యజమాని కొడుకు ఒక్కడే చుక్కాని పట్టుకుని నిలబడాలి. వాళ్లు తెడ్లు వేసుకుంటూ చీకట్లోకి పోవాలి. ఒక్కరు కూడా వెనక్కి తిరిగి చూడకూడదు.

“మొహాలు అక్కర్లేదు బాబూ. ఒక మనిషిని చేసి మిగతావాళ్లని కాపీ కొట్టెయ్. ఎలాగూ వాన, చీకటి” అన్నాడు ఆ పని ఇచ్చిన పెద్దాయన.

మూడు నిమిషాల సినిమాలో ఆ సీను చాలా చిన్నది. ఇదంతా దాని గురించే. నేను చెయ్యనన్నాను. చెయ్యనన్నందుకు పశ్చాత్తాపం లేదు. అది వేరేవాళ్ల చేత చేయించి చూపించుకున్నందుకు నా కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

నేను పనిచేసేది దిల్‌సుఖ్‌నగర్‌లో, మెట్రో స్తంభాలకు ఎదురుగా, కళ్లజోళ్ల షాపు మీద రెండో అంతస్తులో. మేం త్రీడీ బొమ్మలు చేస్తాం. ఎక్కువగా రియల్ ఎస్టేట్ పని. బాటసింగారం దాటాక హైవే పక్కన రాళ్లు పాతిన పొలాలుంటాయి కదా, వాటికి ఇంకా కట్టని గేటు, ఇంకా తవ్వని స్విమ్మింగ్ పూలు, ఇంకా నాటని చెట్లు, ఆ చెట్ల కింద ఇంకా ప్లాటు కొనని కుటుంబం నవ్వుతూ నడవడం. ఆ కుటుంబాన్ని చేసింది నేనే. అన్ని వెంచర్లలోనూ అదే తండ్రి, అదే తల్లి, అదే పాప. చీర రంగు మారుస్తాం, అంతే. అందుకే ఓడ పని వచ్చిందని తెలిసినప్పుడు ఆ వారమంతా ఆఫీసుకు అందరికంటే ముందు వెళ్లాను.

ఆఫీసు యజమానిని మేమంతా అన్న అని పిలుస్తాం. నల్గొండ వైపు మనిషే. మా ఊరికి దగ్గర్లోనే. పెద్దాయన మొదటిసారి వచ్చినప్పుడు అన్న నన్ను పరిచయం చేసిన తీరు ఇది:

“మావోడు బీటెక్ మెకానికల్ సార్. ఓడ గాదు, రాకెట్ ఇచ్చినా చేస్తడు.”

“ఓడెప్పుడైనా చూశావా బాబూ?” అని ఆయన నన్నడిగాడు.

“కాలేజీ టూర్‌లో వైజాగ్ పోయినప్పుడు చూశానండీ. దూరం నుంచి.”

“అవి ఓడలా? ఇనప డబ్బాలు. తెరచాప ఓడ సంగతి నేనడిగేది.”

పెద్దాయన ఇంజినీరుగా రిటైరయ్యాడు. ఉద్యోగమంతా కాలవలూ రిజర్వాయర్లూ. చంపాపేట్ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి వెళితే సొంత ఇల్లు. వాళ్లది గోదావరి సముద్రంలో కలిసేచోట, ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. వాళ్ల ముత్తాతకు ఒక పెద్ద తెరచాప ఓడ ఉండేది. రంగూన్ వెళ్లి వచ్చేది. ఒకసారి తిరుగు ప్రయాణంలో తుపానులో మునిగిపోయింది. ముత్తాత పెద్దకొడుకు, పెళ్లికాని కుర్రాడు, అందులో పోయాడు. ఆయన శవం మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చింది, వేలికి ఉంగరంతో సహా. ఆ తిథికి తమ్ముడి సంతతి ఏటా తద్దినం పెడుతోంది. తద్దినానికి చుట్టాలంతా పెద్దాయన ఇంట్లో కలుస్తారు. ఈ ఏడు భోజనాలయ్యాక హాల్లో టీవీ మీద ఓడ కథ చూపించాలని ఆయన కోరిక. పిల్లలకు మన వంశం సంగతి తెలియాలి కదా అన్నాడు.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆయన నాకు బాగా నచ్చాడు. గ్రాఫ్ పేపరు మీద ఓడ బొమ్మ ఆయనే గీసుకొచ్చాడు. పొడవు, వెడల్పు, లోతు, తెరచాప కొయ్యల ఎత్తు, పలకల మందం, అన్నీ మూరల్లో ఒకవైపు, మీటర్లలో ఒకవైపు. బిల్డర్లు మాకు నాప్కిన్ మీద గీసి ఇచ్చే బొమ్మలు చూసిన కళ్లకు ఆ కాగితం పండగ. ఏది తెలుసో, ఏది ఊహో కూడా వేరు వేరు రంగుల్లో రాశాడు. ఇలాంటి మనిషి దగ్గర అబద్ధం ఉంటుందని ఎవరనుకుంటారు?

ఓడలో ఏమేం ఉన్నాయో నాకు చెప్పినవి: అడుగున బియ్యం బస్తాలు. వాటి మీద ఇంకా బియ్యం బస్తాలు. డెక్కు మీద టేకు దుంగలు, నడుం ఎత్తున పేర్చి తాళ్లతో కట్టినవి. వంటకు మట్టి పొయ్యి ఉన్న చిన్న గది. ఒక చిన్న పడవ. సరంగు, అంటే కళాసీలకు పెద్ద. కళాసీలు. యజమాని కొడుకు.

“దుంగలు నడుం ఎత్తా?” అన్నాను.

“ఆ పడవ కూడా కనపడేది కాదట దుంగల్లో. అంత మోసేది మా ఓడ! రేవులో ఇంకొకళ్ల ఓడ అందులో సగం కూడా తెచ్చేది కాదు. దాని వెనకో కథ ఉంది, చెప్తానుండు. రాగిరేకు కథ.”

ఆయన చెప్పినదాని ప్రకారం, ఆ రేవులో ఓడ కట్టిన వడ్రంగులు చివరి పని ఒకటి చేసేవారు. ఓడను నీళ్లలోకి దింపి, బరువు వేసి, అన్ని వైపులా తిరిగి చూసి, ఇంతవరకే మునగాలి అని ఒకచోట పక్క పలకకు రాగిరేకు కొట్టేవారు. సరుకు ఎక్కిస్తున్నప్పుడు నీళ్లు ఆ రేకును తాకాయంటే ఇక చాలు. అరుపులేం అక్కర్లేదు, లెక్కలేం అక్కర్లేదు, ఎవరు చూసినా తెలిసిపోతుంది. అది విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఇంత చక్కటి డిజైన్ నేను చదివిన ఏ సబ్జెక్టులోనూ లేదు.

“మా ముత్తాతగారు ఏం చేశారనుకున్నావ్? ఆ రేకు ఊడబీకించి మూరెడు పైన కొట్టించారు” అని పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగాడు. “వడ్రంగులు గోల పెట్టారట. రేవంతా ముక్కున వేలేసుకుంది. ఆయన లెక్కచెయ్యలేదు. అదీ దమ్మంటే! పాత రేకు పారెయ్యకుండా ఇంట్లో పెట్టుకున్నారు. మా వంశానికి కలిసొచ్చిన రేకు. ఇప్పటికీ మా పూజగదిలోనే ఉంది.”

అన్న నా వైపు చూసి “చూసినవా, గట్లుండాలె బిజినెస్ అంటే” అన్నాడు.

నేను నవ్వలేదు. అప్పటికి కోపం కూడా రాలేదు. మూరెడు అన్న మాట రాసుకున్నాను, అంతే.

సినిమా మొదట్లో రాగిరేకు కనపడాలన్నాడు కాబట్టి ఫొటో తీయడానికి వాళ్లింటికి వెళ్లాను. పూజగదిలో దేవుళ్ల పటాల పక్కన చిన్న పీట మీద ఉంది. అరచేయంత వెడల్పు, మూడు మేకుల రంధ్రాలు, అంచులు నల్లబడి ఉన్నాయి. మధ్యలో మాత్రం తోమి మెరిపించి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. ముందు ఒక మందార పువ్వు. ఇక్కడితో ఆపండి అని చెప్పడానికి పుట్టిన వస్తువు అది. దాన్ని ఊడబీకి దానికే పూజ చేస్తున్నారు.

పెద్దాయన భార్య కాఫీ ఇచ్చింది. ఆమె మెల్లగా మాట్లాడుతుంది. తద్దినం ఎలా చేస్తారో అడిగితే వంట దగ్గర నుంచి అంతా చెప్పింది.

“చివర్న దిక్కులేకుండా పోయినవాళ్లకని దర్భల మీద నాలుగు మెతుకులు చల్లుతారు చూడు, వికిరం అంటారు. మా ఇంట్లో ఆ తద్దినానికి మాత్రం అది వెయ్యరు బాబూ.”

“ఎందుకండీ?”

“మావగారి హయాంలోనూ అంతే. ఆ మెతుకులు తినడానికి కళాసీలు వస్తారట. మన బిడ్డని వదిలేసి పారిపోయినవాళ్లకి మనింటి మెతుకా అని మా ముత్తమావగారు ఒట్టు పెట్టారట. పురోహితులు ప్రతి ఏడూ గొణుగుతారు. ఈయన వినరు.”

కాఫీ చల్లారిపోయింది. ఆ నాలుగు మెతుకుల సంగతి విన్న తర్వాత ఇది నాకు ఒట్టి ఓడ పనిగా మిగల్లేదు. వందేళ్ల పైమాట. ఆ కళాసీల పేర్లు లేవు, తిథి లేదు, శవాలు లేవు. ఎవరికీ పేరు పెట్టకుండా చల్లే మెతుకులు కూడా వాళ్లకు దక్కకూడదట.

ఆఫీసుకు వచ్చి ఓడ కట్టాను. కంప్యూటర్లోనే, కానీ కట్టాననే అంటాను. పలక పలకా పెట్టాను. తర్వాత సరుకు ఎక్కించాను. మా సాఫ్ట్‌వేర్‌లో నీళ్లకు, బరువులకు ప్రవర్తన ఇవ్వొచ్చు. వెంచర్ల ఫౌంటెన్ల కోసం కొన్నది. ఓడ ఎంత బరువుంటే అంత బరువైన నీటిని పక్కకు తోస్తుంది, అందులో వాదనకు చోటు లేదు. నీటికీ డెక్కు అంచుకూ మధ్య ఎంత పలక పొడిగా మిగిలితే ఓడకు అంత ప్రాణం.

ముందు పాత రేకు దాకా నింపాను. పెద్ద అల వేశాను. ఓడ ఒరిగింది, మూలిగినట్టు ఆగింది, లేచింది. మళ్లీ వేశాను, మళ్లీ లేచింది. తర్వాత మూరెడు పైకి నింపాను, డెక్కు మీద దుంగలు పేర్చాను. అదే అల. ఓడ ఒరిగింది, డెక్కు అంచు నీళ్లలోకి పోయింది, పైనున్న దుంగల బరువు దాన్ని అటే లాగి పట్టుకుంది. అది లేచే లోపలే రెండో అల వచ్చింది. బియ్యం గదిలోకి నీళ్లు. తడిసిన బియ్యం ఉబ్బుతుంది, బస్తాలు పలకల్ని లోపలి నుంచి తోస్తాయి. ఇక మనుషులు కుండలతో తోడినా ఒకటే, తోడకపోయినా ఒకటే.

ఇంకొకటి కూడా తేలింది, అది లెక్క కూడా కాదు, చోటు సంగతి. ఆయన చెప్పిన దుంగలన్నీ డెక్కు మీద పట్టాలంటే పడవ మీద నుంచి పేర్చక తప్పదు. ఎటు తిప్పి చూసినా వేరే చోటు లేదు. పడవ కనపడేది కాదట అని ఆయనే గొప్పగా చెప్పాడు కదా. దుంగల కింద ఉన్న పడవను తుపానులో, ఒరిగిన డెక్కు మీద, ఎవరు తీస్తారు?

తుపాను ఎంత పెద్దదో నాకు తెలియదు. పాత రేకు దగ్గర ఆగినా ఆ ఓడ మునిగేదేమో. అది నేను చెప్పలేను. ఎవరు ముంచారో నిరూపించానని కూడా అనను. కానీ ఎవరు పారిపోయారని చెప్తున్నారో, వాళ్లు పారిపోవడానికి దారి లేదన్నది మాత్రం నా స్క్రీన్ మీద కనపడుతోంది.

ఇక్కడ మా నాయిన సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఒక ఓడ కోసం వీడికెందుకింత మంట అనుకుంటారు.

మా నాయిన లారీ డ్రైవరు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నల్గొండ తోటల నుంచి బత్తాయి తెచ్చేవాడు. అప్పటికి పండ్ల మార్కెట్ ఇంకా కొత్తపేటలోనే ఉండేది, బాటసింగారానికి పోలేదు. సీజన్‌లో లారీ ఓనరు పక్క చెక్కల మీద ఇంకో వరస చెక్కలు బిగించి, వాటి పైదాకా కాయ పోయించి, పైన గడ్డి పరిచి తాళ్లు కట్టించేవాడు. ఒకరోజు తెల్లవారుతుండగా ఎల్బీనగర్ రాకముందు ఒక మలుపులో లారీ పడిపోయింది. నాయిన కాలు క్యాబిన్ కింద ఇరుక్కుంది. జనం వచ్చారు. రోడ్డంతా బత్తాయిలు. ముందు సంచులు నింపుకున్నారు, తర్వాత నాయినను తీశారు.

దవాఖానకు ఓనరు వచ్చి మంచం పక్కన నిలబడి, అందరికీ వినపడేటట్టు అన్నాడు: “జర కండ్లు మూసుకున్నవా ఏంది రా?” అంతే. అడిగినట్టే అన్నాడు. సాయంత్రానికి అది జవాబైపోయింది. డ్రైవర్ నిద్రపోయిండంట. పేపర్లో నిద్రమత్తు అని వచ్చింది. చుట్టాలు పండగలకు వచ్చి, పాపం రాత్రంతా నడిపితే నిద్ర రాదా అని జాలి కూడా పడ్డారు. నాయినకు మళ్లీ స్టీరింగ్ ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు మీర్‌పేట్‌లో మా ఇంటి దగ్గరే ఒక గోడౌన్‌కు వాచ్‌మన్. కాలు ఈడుస్తూ నడుస్తాడు.

ఇంజినీరింగ్‌లో చేరిన కొత్తలో ఒకసారి, నిజంగా నిద్రపోయినవా నాయినా అని అడిగాను. తల దించుకుని, “నాకు ఏం గుర్తున్నది కొడుకా. అందరు గట్లనె అంటున్నరు. అయ్యుండొచ్చు” అన్నాడు.

ఆ ‘అయ్యుండొచ్చు’ నా చెవుల్లో నుంచి ఎప్పుడూ పోలేదు. మనిషి కాలు తీసుకున్నారు, పని తీసుకున్నారు, చివరికి ఆ తెల్లవారుజామును కూడా ఆయన దగ్గర నుంచి తీసుకుని వాళ్లకు కావలసింది రాసి తిరిగి ఇచ్చారు.

పెద్దాయన రెండోసారి ఆఫీసుకు వచ్చినప్పుడు ఓడ చూపించాను. ఆయన చాలా సంతోషించాడు. తెరచాపలు నిండినప్పుడు చప్పట్లు కొట్టాడు. తర్వాత మునగడం చూపించాను. కళాసీలు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి తోడుతూ ఉన్నారు.

“అదేంటి? పారిపోవాలి కదా.”

“పడవ దుంగల కింద ఉంది సార్. మీరు చెప్పినట్టే పెట్టాను.”

“ఏదోలా తీసుంటారు. ఒడ్డుకి కొయ్య వచ్చింది, పలకలు వచ్చాయి, మా వాడు వచ్చాడు. పడవ రాలేదు. అంటే ఏంటి? వేసుకుపోయారనేగా.”

“వంటగది వచ్చిందా సార్ ఒడ్డుకు?”

“లేదనుకుంటా.”

“మరి అది కూడా పారిపోయిందా?”

బల్ల కింద అన్న నా కాలు తొక్కాడు. “నువ్వు పొయ్యి చాయ్ చెప్పు రా” అన్నాడు. నేను లేవలేదు.

“పారిపోయినవాళ్లు ఎప్పుడైనా ఇళ్లకు వచ్చారా సార్?”

“ఏ మొహం పెట్టుకుని వస్తారు? మా ముత్తాతగారు కళాసీల పల్లెలకి మనుషుల్ని పంపి ఇల్లిల్లూ వెతికించారు, మీ మగాళ్లని ఎక్కడ దాచారే అని ఆడవాళ్లని నిలదీశారు. ఒక్కడూ దొరకలేదు.”

“ఒక్కరూ దొరకలేదు, ఒక్కరూ రాలేదు, ఓడలో ఉన్నవాళ్లెవరూ బతకలేదు. మరి పారిపోయారని చెప్పిందెవరు సార్?”

ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఆ రోజు ఎలా నిలబడి ఉంటారో నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. సముద్రం వైపు చూస్తూ ఉన్నవాళ్ల వాకిట్లోకి వచ్చి, నీ మొగుణ్ని ఎక్కడ దాచావని అడిగారు. దాన్ని ఈయన మా ముందు కూర్చుని, ముత్తాత చురుకుదనానికి గుర్తుగా చెప్తున్నాడు.

“సార్, మీరు రిజర్వాయర్ల మీద పనిచేశారు. నీళ్లు ఇంతవరకే నిండాలని గీసిన ఎఫ్‌టీఎల్ గీత ఎవరైనా వచ్చి మూరెడు పైకి జరిపి, ఇంకో సగం నీళ్లు ఎక్కువ పట్టాయి, అదీ దమ్మంటే అంటే మీరు సంతకం పెడతారా? కట్ట తెగాక గేట్ల దగ్గర లస్కరు పారిపోయాడని రాస్తారా?”

ఇది మాత్రం నేను అరిచే అన్నాను. పక్క గదిలో కుర్రాళ్లు తలుపు దగ్గరికి వచ్చారు. పెద్దాయన మొహం ఎర్రబడింది. కోపమే అనుకున్నాను, కానీ ఆయన నా వైపు చూడడం లేదు, స్క్రీన్ మీద ఆగి ఉన్న ఓడ పక్క పలక వైపు చూస్తున్నాడు. నేను అక్కడ రెండు రేకులూ పెట్టాను, పాతచోట ఒకటి, కొత్తచోట ఒకటి. ఆయనకు అర్థమైంది. నేను ఒట్టేసి చెప్పగలను, అంతా అర్థమైంది. ఉద్యోగమంతా నీటి గీతలు చూసిన మనిషికి అర్థం కాకపోవడం ఉండదు.

అర్థమయ్యాక ఆయన అన్న మాట ఇది:

“ఇంటి పెద్దల గురించి పిల్లల ముందు ఇలాంటివి చూపిస్తామా ఎక్కడైనా? నువ్వు చెప్పిన రేకు సంగతి పక్కన పెట్టు. ఆ సీను మాత్రం నేను చెప్పినట్టు కానీ.”

తెలియక చేసినవాణ్ని క్షమించొచ్చు. తెలిసి, ఓడ బొమ్మ ముందు కూర్చుని, చచ్చిపోయినవాళ్ల చేత ఇంకోసారి పడవ దింపించమన్నాడు.

ఆయన వెళ్లాక అన్న తలుపు వేశాడు. “అరే, నువ్వు జడ్జివా? గా ఓడల నీ సుట్టాలున్నరా? కస్టమర్ ఏమంటె గది. మునగాలంటె ముంచు, తేలాలంటె తేల్చు. వెంచర్ల స్విమ్మింగ్ పూల్ ఉన్నదా? పెడుతలెమా? గప్పుడు రాని ఈ కోపం ఇప్పుడెందుకొచ్చె?”

అన్న తెలివైనవాడు. “ప్లాటు కొనేవాడు వచ్చి చూసుకోవచ్చు అన్నా. వీళ్లు వచ్చి కాదని చెప్పలేరు” అన్నాను.

“నువ్వు చెయ్యవు?”

“చెయ్యను.”

“సరె తియ్. పక్కోనికిస్త.”

పక్క సీటు అతను పారిపోయే సీను ఒక్క మధ్యాహ్నంలో చేసేశాడు. ఒక మనిషి, మిగతావాళ్లు కాపీ. అందరి చేతులూ ఒకేసారి లేస్తాయి, ఒకేసారి దిగుతాయి. దుంగలు అడ్డం వస్తున్నాయని సగం దుంగలు తీసేశాడు. సరుకు తగ్గేసరికి ఓడ నీళ్లలో పైకి తేలింది. పాత రేకు దాదాపు బయటపడేంత పైకి. అంత తేలిక ఓడ నా లెక్కలో రెండు అలలకూ మునగలేదు. కాబట్టి దాన్ని చేత్తో కిందికి లాగి ముంచాడు. దాన్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్లను పారిపోయేలా చెయ్యాలంటే బరువు తీసేయాల్సి వచ్చింది. బరువు తీసేస్తే మునగడానికి కారణమే లేదు. ఇది నేను అందరికీ చూపించాను. “బాగనె కనవడ్తంది గదా” అన్నారు.

తద్దినం రోజు ఫైలు వాళ్ల టీవీలో పెట్టి సరిచూసి రమ్మని అన్న నన్నే పంపాడు. కావాలనే పంపాడనుకుంటాను. హాల్లో చుట్టాలు, పట్టుచీరలు, గారెల వాసన. లైట్లు తీసేశారు. తెరచాపలకు చప్పట్లు. రాగిరేకుకు ఒకరిద్దరు దండం పెట్టారు. కళాసీలు పడవ దించినప్పుడు వెనక నుంచి ఒకామె “ఛీ, దొంగ సచ్చినోళ్లు” అంది. ఒక చిన్న పిల్ల “వాళ్లెందుకు వెనక్కి చూడట్లేదు తాతా?” అని అడిగింది. పెద్దాయన టీవీ వైపు చూడడం లేదు. చేతిలో రిమోట్ తిప్పుతూ కూర్చున్నాడు.

నేను చెప్పులు వేసుకుంటుంటే ఆయన భార్య గేటు దాకా వచ్చింది. “నువ్వు ఆఫీసులో అడిగినవన్నీ ఇంటికొచ్చి చెప్పారు బాబూ. రెండ్రోజులు సరిగా తినలేదు” అంది.

“ఇవాళ వికిరం వేశారా అండీ?”

తల అడ్డంగా ఊపింది. “ఇంతమంది ముందు ఆయన ఒప్పుకోరు. వచ్చే ఏడు చూద్దాం.”

ఆమె మంచిది. ఆమె మీద కోపం తెచ్చుకోవడం అన్యాయం. అయినా మెయిన్ రోడ్డు దాకా నడుస్తుంటే ఆ ‘వచ్చే ఏడు’ పళ్ల మధ్య ఇసుకలా నలిగింది. వందేళ్లకు పైగా నీళ్లలో నిలబడ్డారు. ఇంకో ఏడు నిలబడాలట.

నా సినిమా మాత్రం నేను పూర్తి చేసుకున్నాను. ఇంట్లో, నా పాత ల్యాప్‌టాప్‌లో. ఎవరినీ కాపీ కొట్టలేదు. సరంగుకు తెల్లగడ్డం, వంగిన నడుం పెట్టాను. ఒకడికి తలగుడ్డ జారిపోతుంటుంది, తోడే చెయ్యి ఆపకుండా రెండో చేత్తో సర్దుకుంటాడు. ఒకడు కుర్రాడు, కుండ పగిలితే దోసిళ్లతో తోడుతుంటాడు. యజమాని కొడుకును కూడా వాళ్ల మధ్యే పెట్టాను, ఆయన చేతిలోనూ కుండే. ఆయన పిరికివాడని నేనెందుకనుకోవాలి? మొహాలు నాకు తెలియవు, నిజమే. కానీ ఒక్కొక్కడికీ ఒక మొహం ఉండిందని తెలుసు.

ఆదివారం పొద్దున, టిఫినయ్యాక నాయిన పక్కన కూర్చుని అది చూపించాను. ఆయనకు సముద్రం తెలియదు. మొదట ఓడను మెచ్చుకున్నాడు. తర్వాత దుంగల పేర్పు చూసి ముందుకు వంగాడు.

“గంత ఎత్తు ఎవడు వేసిండ్రా?”

“ఓనరు.”

“తాళ్లు సాలవు.”

అల వచ్చింది. డెక్కు అంచు మునిగింది. నాయిన మంచి కాలు నేలకు అదిమాడు, అక్కడ బ్రేకు ఉన్నట్టు.

“ఆళ్లు పడవ ఏసుకుని ఉరికిన్రని చెప్పుకుంటరు నాయినా.”

“పడవేది?”

“దుంగల కింద.”

“మరి యాడికి ఉరుకుతరు?”

సినిమా అయిపోయింది. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టాను. ఓడ ఒరిగే చోటికి రాగానే చెయ్యెత్తి ఆపమన్నాడు. ఎడమచెయ్యి మోకాలి పక్కన కదులుతోంది. ముందుకు, పక్కకు, వెనక్కి. నాకు కాసేపటికి గానీ తెలియలేదు అది గేరు మారుస్తోందని.

“గా మలుపు కాడ నేను గేరు తగ్గించిన” అన్నాడు. “మూడులకెళ్లి రెండుకు. పట్టింది కూడ. పట్టినంక ఎనక నుంచి కాయ మొత్తం ఒక్క దిక్కు జరిగింది. సప్పుడిన్న నేను. నిద్రవోయినోడు గేరు తగ్గిస్తడా కొడుకా?”

అమ్మ వంటింట్లో నుంచి తడిచేతులతో వచ్చి గడపలో నిలబడింది.

“ఇన్నేండ్లు గీ మాట ఎందుకు చెప్పకపోతివి?” అంది.

నాయిన ఆమె వైపు తిరిగాడు. ఆయన గొంతులో అంత కోపం నేను పుట్టినప్పటి నుంచి వినలేదు.

“నువ్వు నిద్రవోయినవా అని అడిగిండ్రు. ఏమైందని ఎవలడిగిండ్రు?”